ఇంటి చెత్త – పట్టణపు గుత్త

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలోని గృహస్థుల వాకిళ్లకు ఇద్దఱు మనుష్యులు వచ్చుచుందురు. ఒకడు చెత్తబండివాడు. ప్రొద్దుననే బండిమీద పాట మ్రోగించుచు వచ్చి, మనము వలదనుకొన్నదానిని తీసికొనిపోయి, అందులకై నెలకింత యని మనయొద్ద సొమ్ము పుచ్చుకొనును. రెండవవాడు పాతకాగితములు కొనువాడు. ఎండ ముదిరిన వేళ తోపుడుబండి త్రోసికొనుచు, కేకలు వేయుచు వచ్చి, మనము వలదనుకొన్నదానినే త్రాసులో తూచి, మనకే తిరుగ సొమ్మిచ్చిపోవును. ఇల్లాలు మొదటివానికి ఇచ్చునపుడు గొణుగుకొనును. రెండవవానితో త్రాసు ముల్లు చూచి తగవులాడును. ఈ రెండు బేరములును ఒక్క గుమ్మముననే జరుగుచున్నను వీని నడుమ గల భేదమును మనము తఱచుగా ఆలోచింపము.

మొదటివానిని మన యింటికి పంపినది నగరపాలక సంస్థ. ఆతని వెనుక ఒప్పందములు, టెండర్లు, టన్నుల లెక్కలు కలవు. రెండవవానిని ఏ సంస్థయు పంపలేదు. ఆతనిని ఎన్నుకొన్నది ఇల్లాలే. వచ్చిన నలుగురిలో తూకము సరిగా తూచువానిని, మాట మర్యాదగలవానిని ఆమె నిలుపుకొనినది. పాత యినుము, సీసాలు, అట్టపెట్టెలు, వార్తాపత్రికలు మరల కర్మాగారములకు చేరి క్రొత్త వస్తువులగుటను నేడు రీసైక్లింగను గొప్ప పేరుతో పిలుచుచున్నాము. ఆ పేరు పుట్టకమునుపే ఈ తోపుడుబండివాడు ఆ పని చేయుచుండెను. ఇప్పుడు పట్టణములే ఆ పనికి గుత్తదారులను ఏర్పఱుపబూనుచున్నవి. ఏర్పఱుచుటలో అవి దేనిని చూచుచున్నవి, దేనిని చూడకున్నవి అను విషయమును మేమిందు కొంత విచారింపదలచితిమి. గుత్తదారు ఎవ్వడన్న ప్రశ్నకంటె, ఆతనికి సొమ్ము ఏ కొలతను బట్టి ఇత్తుమన్న ప్రశ్నయే పెద్దదని మా తాత్పర్యము. కొలత తప్పినచో ఎంత యోగ్యుడైన గుత్తదారును తప్పుదారినే పట్టును. ఆ తప్పు ఆతనిది కాదు.

ఇది క్రొత్తగా పుట్టిన చిక్కు కాదు. లండను నగరమున పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున ఇంటింట బొగ్గుపొయ్యిలు మండుచుండెను. ఇంటి చెత్తలో నధికభాగము బూడిదయు, సగము కాలిన బొగ్గుముక్కలును. ఆ బూడిదను ఇటుకలు చేయువారు కొనుచుండిరి. మెత్తని బూడిద మట్టిలో కలుపుటకును, బొగ్గుముక్కలు ఇటుకబట్టీలు కాల్చుటకును పనికివచ్చెడివి. కావున ఆ నగరపు పేటల పాలకులు చెత్తకు గుత్తదారుని ఏర్పఱచునపుడు ఆతడే పేటకు సొమ్ము చెల్లించుచుండెను! చెత్త యెత్తుకొనిపోవు హక్కునకు వేలములో పాట హెచ్చుచుండెను. గుత్తదారుల దొడ్లలో స్త్రీలు నడుములోతు బూడిదలో నిలిచి జల్లెడలు పట్టుచు గుడ్డపేలికలు, ఎముకలు, లోహపుముక్కలు వేర్వేఱు కుప్పలుగా ఏఱుచుండిరి. డికెన్సు తన నవల యొకదానిలో చెత్తగుట్టలవలన ధనవంతుడైన వాని ఆస్తిని కథావస్తువుగా తీసికొన్నాడన్నచో ఆ వ్యాపారమున ఎంత లాభముండెనో ఊహింపవచ్చును.

ఐతే నగరము పెరిగినకొలది బూడిదయు పెరిగెను. ఇటుకలవారికి కావలసినదానికంటె మిక్కుటమయ్యెను. 1850 ప్రాంతమున లండను కూలిజనుల జీవితములను వ్రాసిన హెన్రీ మేహ్యూ నాటికే కాలము తిరుగబడినది. మునుపు సొమ్మిచ్చి చెత్త నెత్తుకొన్న గుత్తదారులు తామే పేటలనుండి సొమ్ము పుచ్చుకొన మొదలిడిరి. చెత్త అదే, బండి అదే, మనుష్యుడును అతడే. సొమ్ము నడచు దిక్కు మాత్రము మాఱినది. అది మాఱిన దినముననే గుత్తదారునికి చెత్తను ఏఱుటయందు శ్రద్ధ సన్నగిల్లి, దానిని ఎక్కడనో పాఱవేసి చేతులు దులుపుకొనుటయందు శ్రద్ధ హెచ్చుట సహజము. మన చెత్తబండివానికిని పాతకాగితములవానికిని గల భేదమిదియే. లండను నగరమున కాలక్రమమున జరిగిన మార్పు మన గుమ్మమున ఒక్క దినముననే, ఉదయమొకటి, మధ్యాహ్నమొకటిగా కానవచ్చుచున్నది.

పారిసు నగరపు కథ వేఱు విధము. అచ్చటి పరిపాలకుడు యూజీను పుబెల్ 1883 నవంబరులో ఒక ఉత్తరువు చేసెను. ప్రతి యింటివాడును మూతగల పెట్టెలను ఉంచవలెననియు, కుళ్లునవి యొకటను, కాగితములు, గుడ్డలు మఱియొకటను, గాజుపెంకులు, పింగాణి, ఆల్చిప్పలు వేఱొకటను వేయవలెననియు దాని సారాంశము. తడి చెత్త, పొడి చెత్త వేఱుచేయుడని మన గోడలమీద నేడు చదువుచున్న హితోపదేశమునకు వయస్సు నూటనలువది యేండ్లు దాటినది. ఆ ఉత్తరువునకు గొప్ప అలజడి రేగెను. అలజడి చేసినవారు గృహస్థులు మాత్రమే కారు. రాత్రులు వీథులలో చెత్త నేఱుకొని బ్రదుకు వేలకొలది పేదలు తమ నోటికూడు పోవుచున్నదని మొఱపెట్టిరి. వారికి కొంత సడలింపు చేయవలసివచ్చెను. ఫ్రెంచివారు నేటికిని చెత్తడబ్బాను ఆ యధికారి పేరుతోనే పిలుతురు. మంచి ఉద్దేశముతో చేసిన పనికి ఇట్టి శాశ్వతకీర్తి లభించుట చూడ నవ్వును వచ్చును, జాలియు కలుగును.

ఇక మన హైదరాబాదునకు వత్తము. మొదటి సాలారుజంగు దివానుగా నుండగా 1869లో నగరమునకును శివార్లకును పురపాలక వ్యవస్థ ఏర్పడెను. అంతకు మునుపు వీథుల పారిశుద్ధ్యము కోత్వాలు పనులలో నొకటి. మూసీకి ఉత్తరమున నున్న చాదర్‌ఘాట్ శివార్లకు 1886లో వేఱు మునిసిపాలిటీ కలిగినది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. 1911లో ప్లేగు మహమ్మారి వచ్చెను. 1912లో నగరాభివృద్ధి సంఘము పుట్టి ఇఱుకు బస్తీలను విప్పి వీథులు తీర్పజొచ్చెను. చెత్త యనునది కంటికి అసహ్యమే కాక ప్రాణాంతకమును అగునని నగరమునకు తెలిసినది ఆ యేండ్లలోనే. 1933లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ నగరముతో కలిసిపోయెను. జనులు నేటికిని నగరపాలక సంస్థను బల్దియా యనుట ఆ నాటి ఉర్దూ పాలనాభాష విడిచిపోయిన గుర్తు.

ఆ కాలమున చెత్తకు గుత్తదారుని ఎన్నుకొనుట యను మాటయే పుట్టలేదు. ఏలయన ఆ యెన్నిక ముందే జరిగిపోయినది. కులము ఎన్నుకొన్నది. ఊడ్చు చీపురు, మోయు తట్ట, పాకీదొడ్డి పని, ఇవి కొన్ని కుటుంబములకు పుట్టుకతో వచ్చిన గుత్త; దానికి టెండరు లేదు, గడువు లేదు, విడుదలయు లేదు. పురపాలక సంఘము వారికి జీతమిచ్చినమాట నిజమే. కాని జీతమిచ్చి యుంచుకొన్నది చేతులనే కాని మనుష్యులను కాదు. ఇదే హైదరాబాదున భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల ఆత్మగౌరవము కొఱకును, వారి పిల్లల చదువుల కొఱకును జీవితాంతము పాటుపడెను. మాడపాటి హనుమంతరావు నడపిన తెలుగు బాలికల పాఠశాల 1928లో పుట్టి నారాయణగూడలో నేటికిని నిలిచియున్నది. ఆ హనుమంతరావే 1951లో నగరమునకు తొలి మేయరయ్యెను. పాఠశాలలు, గ్రంథాలయములు, సభలు, సంస్కరణ, అన్నియు మన పేటలలో నడచినవి. ఆ సభలు ముగిసిన పిమ్మట చాప చుట్టి, ఆకు లెత్తి, వీథి యూడ్చినవాని పేరు మాత్రము ఏ కార్యక్రమ పత్రమునను కానరాదు. పాకీపనిని నిషేధించు చట్టము దేశమున 1993 వఱకు రాలేదు. 2013లో మరల మఱియొక చట్టము చేయవలసివచ్చెను. పుట్టుకగుత్త ఎంత మొండిదో దీనివలన తెలియుచున్నది.

గుత్త యను మాట నిజార్థమున హైదరాబాదు వీథులలోనికి వచ్చినది 1990ల చివరి యేండ్లలో. అప్పటి నగరపాలక సంస్థ వీథులను ఇంచుమించు సమానమైన ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు యూనిట్టని పేరు పెట్టెను. యూనిట్టునకు ఎందఱు కూలీలు కావలెనో, ఎంత ఖర్చగునో తామే ముందు లెక్కగట్టి ధర నిర్ణయించిరి. ధర అందఱికిని ఒక్కటే కాన తక్కువకు చేసెదనని పోటీపడుటకు చోటు లేకపోయెను. గుత్తదారుని చీట్లు తీసి ఏర్పఱచిరి. ఈ పద్ధతిని విన్న వెంటనే చదువరులు, ఇదేమి జూదమని యనవచ్చును. మేమట్లు తలపము. వేలమున ధర తగ్గించువాడు ఎవని కడుపు కొట్టి తగ్గించును? చీపురు ధర తగ్గదు, బండి ధర తగ్గదు. తగ్గునది కూలి యొక్కటే. ధరను ముందే నిలిపివేయుట చేత ఆ దారి కొంత మూసిరి. గుత్తదారులు గూడుపుఠాణి చేసి పాటను హెచ్చించుటకును వీలు లేకపోయెను. ఐనను చీటీ యోగ్యతను చూడదు. పట్టికలో వ్రాసిన పేర్లకును వీథిలో చీపురు పట్టినవారికిని పొందిక లేదను ఫిర్యాదులు వినవచ్చుచుండెను. మఱియు ఆ గుత్త ఊడ్పునకును ఎత్తుటకును సంబంధించినదే. ఏఱుట, వేఱుచేయుట, మరల వాడుకకు తెచ్చుట అను మాటలు అందు లేవు. ఊరి చెత్త ఆటోనగరు మొదలగు శివారు మైదానములకు పోయి గుట్టలుగా పడుచుండెను.

ఇంతలో దేశమందంతటను ఈ విషయము కదిలెను. 1996లో అల్మిత్రా పటేలు సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యము ఫలితముగా ఒక సంఘము ఏర్పడి 1999లో నివేదిక యిచ్చెను. 2000లో కేంద్రప్రభుత్వము పురపాలక ఘనవ్యర్థముల నిబంధనలను ప్రకటించెను. ఇక చెత్తను ఊరవతల పాఱవేయుట మాత్రము చాలదు, దానిని శుద్ధిచేయవలెను అనునది న్యాయస్థానపు మాట అయినది. 2007లో చుట్టుపట్ల పన్నెండు పురపాలక సంఘములు కలిసి మహానగరపాలక సంస్థ పుట్టగా, దినమునకు వేలకొలది టన్నుల చెత్త ఒక్క సంస్థ నెత్తిమీద పడెను. శుద్ధికి యంత్రములు కావలెను, యంత్రములకు కోట్లు కావలెను, కోట్లు గలవాడు కావలెను. అందుచేత టెండరు పిలిచి 2009 ఫిబ్రవరిలో రాంకీ సంస్థతో ఇరువదియైదేండ్ల ఒప్పందము చేసికొనిరి. సేకరణము మొదలు శుద్ధివఱకు సర్వమును ఒక్కచేతికి అప్పగించు సంకల్పము. ఊడ్పు పనివారి సంఘములు దీనిని గట్టిగా ఎదిరించినందున ఇంటింటి సేకరణము వెంటనే చేతులు మాఱలేదు. జవహర్‌నగరములోని శుద్ధికేంద్రపు పని 2012 ప్రాంతమున సంస్థ చేతికి వచ్చెను.

ఆ యొప్పందమున సొమ్మునకు కొలత టన్ను. తెచ్చి దించిన టన్ను ఒక్కింటికి సుమారు 1,400 రూపాయలు మొదలుగా ఏటేట పెరుగునట్లు చెల్లింపు. మేము ఆ సంస్థను నిందించుటకు దీనిని వ్రాయుటలేదు. దేశమున పెక్కు నగరములు ఈ కొలతనే పెట్టుకొన్నవి. టన్ను నెవ్వరును కాదనలేరు, వంతెనకాటామీద బండి నిలిపినచో అంకె కనబడును, ఆడిటరు మెచ్చును. ఐనను ఇల్లాలి వైపునుండి ఆ కాటాను ఒక్కమాఱు చూడుడు. ఒక యింట నెలకు పది కిలోల పాతకాగితములు పోగుపడినవనుకొందము. ఆమె వానిని తోపుడుబండివానికి అమ్మినచో కాటామీద పది కిలోలు తగ్గును. కూరగాయల తొక్కులను పెరటిలో గోతిలో వేసి ఎరువు చేసికొన్నచో మఱి కొన్ని తగ్గును. ఆమె ఎంత శ్రద్ధ చేసిన గుత్తదారుని రాబడి అంత కుంగును. అదే తొక్కులను, కాగితములను కలగాపులగముగా డబ్బాలో కుక్కి, శ్రావణమాసపు వానలో తడిపి పంపినచో బరువు రెట్టింపగును. వాననీటికిని పట్టణము కిరాయి చెల్లించును! గోడలమీద వేఱుచేయుడని వ్రాయుట ఒకవైపు, వేఱుచేయనివానికి లాభము కలుగునట్లు పత్రము వ్రాసికొనుట మఱియొకవైపు. ఏది నిజమైన ఉత్తరువని ఇల్లాలు అడిగినచో ఏమి బదులు చెప్పుదుము?

జవహర్‌నగరు గుఱించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. మన పేటలకు ఈశాన్యమున, కాప్రా దాటి, మూడువందల ఎకరములకు పైబడిన ఆ నేలమీద ఏండ్లతరబడి నగరపు చెత్త గుట్టలై పెరిగెను. గాలి తిరిగినపుడు దమ్మాయిగూడ, జవహర్‌నగరు కాలనీలవారు తలుపులు మూసికొని అన్నము తిందురు. గుట్టనుండి కాఱు నల్లని రసము చెఱువులలోనికిని, భూగర్భజలములలోనికిని దిగుచున్నదని వారు వీథికెక్కిరి, న్యాయస్థానములకెక్కిరి. తరువాత పాతగుట్టను మట్టితోను ప్లాస్టికు దుప్పటితోను కప్పిరి. 2020లో చెత్తను కాల్చి సుమారు ఇరువది మెగావాట్ల విద్యుత్తు తీయు కేంద్రమును నెలకొల్పిరి. ఇది మేలే యనువారు కలరు. గుట్ట పెరుగుటకంటె మేలనుటకు మాకును అభ్యంతరము లేదు. కాని కొలిమికి రుచించునది ఏది? తడితొక్కు మండదు, మండునది కాగితము, అట్ట, ప్లాస్టికు, గుడ్డ. అనగా తోపుడుబండివాడు కోరునదే కొలిమియు కోరును. ఒక్క వార్తాపత్రికకు ఇద్దఱు ఆశావహులైరి. ఒకడు దానిని మరల కాగితముగా చేయును, రెండవది దానిని ఒక్కమాఱు వెలుగుగా చేసి బూడిద మిగుల్చును. ఎవ్వనికి చెందవలెనో నిర్ణయింపకయే పట్టణము ఇద్దఱినిని పిలిచినది. చిక్కడపల్లిలో అటకమీద పత్రికలు పేర్చుకొను ఇల్లాలికి ఈ పోటీలో తాను తీర్పరియని తెలియదు. దమ్మాయిగూడ ఇల్లాలికి తన కిటికీ ఆ తీర్పుమీద ఆధారపడినదనియు తెలియదు.

2015 నవంబరులో మఱియొక విధమైన గుత్త వచ్చినది. ప్రభుత్వము రెండువేల స్వచ్ఛ ఆటోలను వీథులలోనికి వదలినది. నడపువాడే క్రమముగా బండికి యజమాని యగును. అప్పు వాయిదాల ఏర్పాటున నగరపాలక సంస్థ తోడ్పడినది. ఇంటికొక ఆకుపచ్చ డబ్బా, ఒక నీలిడబ్బా పంచిపెట్టిరి. పచ్చనిది తడి చెత్తకు, నీలిది పొడి చెత్తకు. ఇల్లు ఒక్కింటికి నెలకు 50 రూపాయలని నిర్ణయించిరి. పొడి చెత్తలో అమ్ముడుపోవునది ఆటోవానిదే. ఒక మహాగుత్తదారునకు బదులు రెండువేల చిఱుగుత్తదారులు! ఇచ్చట కొలత టన్ను కాదు, గడప. దానితోపాటు పాతసామాను ధర. మా దృష్టిలో ఇది మునుపటి కొలతకంటె ఎన్నియో మడుగులు మేలు. వేఱుచేసినచో ఆటోవానికి లాభము, ఇంటికి శుభ్రము, గుట్టకు తగ్గుదల. ముగ్గురి మేలు ఒక్క దిక్కునకు నడచినది.

ఐనను ఆ బండిని దగ్గఱనుండి చూచినవారికి దాని కొఱతయు కనబడును. ఆటోవెనుక, చెత్తమధ్యను కూర్చుండి చేతితొడుగులైన లేక సీసాలను, సంచులను ఏఱుచున్నది ఎవ్వరు? ఆతని భార్య, ఒక్కొక్కప్పుడు ఎదుగుచున్న కొడుకు. ఒప్పందము ఒక్కనితో, పని ఇద్దఱిది, ముగ్గురిది. ఆమెకు వేఱుగా కూలి లేదు, పేరు లేదు. కులము ఎన్నుకొన్న పాతగుత్త ఇంటిపేరుతో మరల లోపలికి వచ్చినట్లున్నది. మనము నీలిడబ్బాలో వేయవలసినదానిని పచ్చడబ్బాలో వేసినచో ఆ తప్పును సవరించునది ఆమె చేతివ్రేళ్లే. సూదులు, పగిలిన గాజు, శిశువుల మలినవస్త్రములు వానిలోనే యుండును. 2016లో వచ్చిన నిబంధనలు తడి, పొడి మాత్రమే కాక ఇంటిలోని ప్రమాదకర వ్యర్థములను మూడవదిగా వేఱుచేయవలెనని విధించినవి. వాడిన శుభ్రతాగుడ్డలను పొట్లముగా చుట్టి గుర్తుతో ఇవ్వవలెననియు చెప్పినవి. ఈ నియమమును మన పేటలలో ఎన్ని యిండ్లు పాటించినవో ఎవరి మనస్సునకు వారు చెప్పుకొందురు గాక.

ఈ లెక్కను తిరుగవేసిన నగరములును కలవు. పూనాలో చెత్త యేఱుకొను స్త్రీలు 1993లో సంఘముగా ఏర్పడిరి. వారిలో అధికసంఖ్యాకులు దళితస్త్రీలు. ఆ సంఘమునుండి పుట్టిన స్వచ్ఛ్ అను సహకార సంస్థతో అచ్చటి నగరపాలక సంస్థ 2008లో ఒడంబడిక చేసికొన్నది. టెండరులో తక్కువ పాడినవానిని గాక, ఆ పనిని అదివఱకే చేయుచున్నవారినే గుత్తదారులుగా గుర్తించుట ఇందలి విశేషము. గృహస్థు నెలకింత ఇచ్చును. ఏఱిన సరకు ఏఱినవారిదే. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున కథ మఱింత కటువుగా నడచినది. అచ్చట నగరము పెద్ద గుత్తలకు టెండరు పిలిచినపుడు చెత్త యేఱుకొనువారు తమకు పోటీచేయుటకే వీలులేని షరతులు పెట్టిరని రాజ్యాంగ న్యాయస్థానమునకు పోయిరి. 2003లోను, మరల 2011లోను ఆ న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పినది. 2013లో నగరము వారికి తూకమునకింత యని చెల్లింప మొదలిడినది. గుట్టకు చేరిన టన్నుకు కాదు, గుట్టకు చేరకుండ మరలించి వాడుకకు పంపిన టన్నుకు! కాటా అదే, త్రాసుపళ్లెము మాత్రము మార్చిరి.

దూరదేశముల మాట యేల, మన సూర్యాపేటను చూడుడు. 2003 ప్రాంతమున ఆ చిన్న పురపాలక సంఘము వీథికుండీలను తీసివేసి, ఇంటింట తడి పొడి వేఱుచేయించి, తడిదానిని వానపాముల ఎరువుగాను, పొడిదానిని అమ్మకపు సరకుగాను మార్చి రాబడి చూపెను. పలు ఊళ్లనుండి అధికారులు చూడవచ్చిరి. అచ్చట కోట్ల యంత్రమేదియు లేదు. ఉన్నదల్లా ఇల్లిల్లు తిరిగి బతిమాలు ఓపిక. సూర్యాపేటకు సాధ్యమైనది మహానగరమునకు సాధ్యము కాదని పెద్దలు తీసివేయుదురు. మహానగరమైనను బస్తీల కూడికయే గదా. చిక్కడపల్లి ఒక్కటి సూర్యాపేటకంటె పెద్దది కాదు.

గుత్తదారుని ఎన్నుకొను వేళ నేటి పద్ధతి ఎట్టిదో చూతము. టెండరు కవరులు రెండు. మొదటిదానిలో అనుభవము, మూలధనము, యంత్రముల పట్టిక. దానిలో నెగ్గినవారి రెండవ కవరు విప్పి ఎవ్వడు తక్కువ అడిగెనో వానికి పని. మొదటి కవరులో పూర్వము ఎన్ని వేల టన్నులు మోసితివని అడుగుచున్నారు. అందుచేత మోయువాడు దొరకును, ఏఱువాడు బయటనే నిలిచిపోవును. పూర్వము ఎన్ని టన్నులు గుట్టకు పోకుండ ఆపితివి, నీయొద్ద ఏఱువారికి జీతమెంత, చేతితొడుగులు, వైద్యము ఎవ్వరిచ్చెదరు, మా పేటలోని తోపుడుబండివానిని ఏమి చేసెదవు అని అడిగినచో వచ్చు కవరులే వేఱుగా నుండును. రెండవ కవరులో మోతకు తక్కువ ధరయు, మరలింపునకు ఎక్కువ బహుమానమును వేర్వేఱు అంకెలుగా వ్రాయింపవలెను. ఈ కాటాలెక్కలను వార్డు కార్యాలయపు గోడమీద నెలనెల అంటింపవలెను. 74వ రాజ్యాంగ సవరణ 1992లో వార్డుసంఘములను కల్పించినది ఇట్టి పనులకే. కవరులు విప్పు బల్లచుట్టు ఇంజనీర్లు, లెక్కలవారు కూర్చుందురు. చెత్తను నిజముగా వేఱుచేయు ఇల్లాలును, ఏఱు స్త్రీయును ఆ బల్లయొద్ద ఎన్నడైన కూర్చుండిరా? వారికి టెండరు భాష తెలియదనువారు పాతకాగితములవానితో బేరమాడు ఇల్లాలి లెక్కను ఒక్కమాఱు వినవలెను. ఏ నెలలో అట్టధర పడినది, ఏ త్రాసు క్రింద అయస్కాంతమున్నది, అన్నియు ఆమెకు తెలియును.

2009లో వ్రాసికొన్న ఒప్పందపు ఇరువదియైదేండ్లు లెక్కప్రకారము 2034లో నిండును. అంతవఱకు చేయవలసినదేదియు లేదని కాదు. మన పేటలలో ఒక చిక్కు ఇప్పుడే ఎదుట నున్నది. దానిని తేల్చకున్నచో ఎట్టి గుత్తయు పాఱదు. గడపకింత యను కొలత సొంతయింటి గృహస్థునకు సరిపోవును. అశోక్‌నగరమున గడప ఎక్కడ? ఉద్యోగపరీక్షలకు చదువుకొన వచ్చిన యువజనులతో ఒక్కొక్క మేడ నాలుగంతస్తుల వసతిగృహమైనది. గదికి ముగ్గురు నలుగురు. తిండి బయటినుండి పొట్లములలో వచ్చును. జిరాక్సు కాగితములు, నీటిసీసాలు, టీకప్పులు సంచులకొలది పోగగును. ఆ పిల్లవాడు ఏడాదిలో గది మారును. యజమాని వేఱొక పేటలో నుండును. నిర్వాహకుడు మేడకంతటికి ఒక్క గడప అనును. ఆటోవాడు గదికొక గడప అనును. తగవు తెమలక ఆ సంచి తెల్లవాఱకముందే హుసేనుసాగరు పొంగునాలా గోడప్రక్కకు చేరును. వాన వచ్చినపుడు ఆ నాలాయే వెనుకకు తన్ని అదే వీథిలోనికి నీరు తెచ్చును.

2016 నిబంధనల ప్రకారము దినమునకు నూఱు కిలోలకు మించి చెత్త చేయువాడు గొప్ప ఉత్పత్తిదారు; వాడు తన తడిచెత్తను తన ఆవరణలోనే, వీలైనంతవఱకు శుద్ధిచేసికొనవలెను. ఒక్కొక్క వసతిగృహము నూఱు కిలోలకు లోబడియుండును. వీథి మొత్తము చూచినచో ఎన్నో నూఱులు. కావున వీథిని ఒక్క గడపగా ఎంచి, వసతిగృహముల యజమానులందఱు కలిసి ఒక ఒడంబడిక చేసికొని, పొడిచెత్త కొక మూల, తడిచెత్త కొక మూల చూపి, దానిని ఏఱుటకు ఆ వీథి ఆటోవాని కుటుంబమునకే నెలజీతము మీద అప్పగింపవచ్చును. చదువుకొనుచున్న ఆ యువజనులలో కొందఱు రేపు మునిసిపలు కమిషనర్లు కాగలవారు. టెండరు కాగితములు వ్రాయునది వారే. పరీక్షకు చదువు పుస్తకములతోపాటు తమ మేడమెట్ల క్రింది సంచి బరువెంతో, అందులో అమ్ముడుపోవునది ఎంతో ఒక వారము తూచి వ్రాసియుంచినచో, ఆ పట్టికను చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు బల్లలమీద పరచి చర్చించుటకు మేము వత్తుము.